రూపాయి వడ్డీ అనుకున్న చదువు

ఉద్యోగము చేసికొనుచు చదువుకొనేవారి ఫీజును గూర్చి ఈ నెల వ్రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉన్నది గనుక దాచకుండ చెప్పుతాను.

మా తణుకు సంఘములో ఒక సహోదరుడు రొయ్యల మేత కంపెనీలో లెక్కలు వ్రాస్తాడు. జీతము 18,000. ఇద్దరు పిల్లలు, మంచము మీద తల్లి. రెండేళ్ళ క్రితము ఒక ఆదివారము ఆరాధన అయిన తరువాత, "ఎం.బి.ఎ.లో చేరుతున్నాను అయ్యగారూ. పాఠాలన్నీ ఫోనులోనే, డ్యూటీ మానక్కరలేదు" అన్నాడు. ఫీజు 1,20,000. నెలకు 6,200 చొప్పున 24 నెలలు కడితే చాలునట. నన్ను హామీ సంతకము అడిగాడు. గోపురము కట్టబోవువాడు ముందు లెక్క చూచుకొనవలెనని ఎన్నిసార్లో ప్రసంగించినవాడను, ఆ ఇంగ్లీషు కాగితము చదువకుండానే పెట్టాను.

ఎనిమిదవ నెలలో అతనికి రాత్రి డ్యూటీ పడినది. పాఠములు ఆగిపోయినవి గాని వాయిదాలు ఆగలేదు. ఫీజంతా మొదటి రోజే కాలేజీకి చేరిపోయినది. ఇతడు బాకీ పడినది ఫైనాన్సు కంపెనీకి. మానినా, ఫెయిలైనా కట్టవలసినదే. వసూలు మనిషి ఫోను నాకు వచ్చినప్పుడు గాని ఈ సంగతి నాకు తెలియలేదు.

ఆ రాత్రి ఇద్దరము పెండ్లి శుభలేఖ వెనుక లెక్క వేశాము. 1,20,000కు రూపాయి వడ్డీ, రెండేళ్ళకు 28,800. మొత్తము 1,48,800. దానిని 24 నెలలకు పంచితే 6,200. సరిగానే ఉన్నది గదా అనిపించినది. కాని మన ఊళ్ళలో అసలు కొంత తీర్చితే, తీర్చిన దానికి వడ్డీ ఆగిపోతుంది. ఇక్కడ ఆగదు. నెలనెలా అసలు తగ్గుతున్నా, చివరి నెల వరకు పూర్తి 1,20,000కే వడ్డీ వేశారు. మిగిలిన అసలుమీద లెక్క కడితే అది రూపాయి ఎనభై పైసల వడ్డీ! లెక్కలు వ్రాసేవాడే గ్రహించలేదు. ఇక నా వేదాంత డిప్లొమాలో ఇట్టి పాఠము లేనే లేదు.

చివరకు అతని భార్య గాజులు బ్యాంకులో పెట్టి ఆ అప్పు తీర్చారు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అనివుంటే బాగుండుననిపించినది.

అట్లని ఇంటనుండి చదివే చదువు చెడ్డదని నేననను. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972లోనే దూరవిద్య ఆరంభించినది. దేశములో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో మన హైదరాబాదులోనే పుట్టినది, 1991లో దానికి డాక్టర్ అంబేద్కర్ గారి పేరు పెట్టారు. 1985లో ఢిల్లీలో ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము వచ్చినది. గుర్తింపు పొందిన సంస్థ దూరవిద్యలో గాని ఆన్‌లైన్‌లో గాని ఇచ్చే డిగ్రీ, కాలేజీకి వెళ్ళి చదివిన డిగ్రీతో సమానమని యు.జి.సి. 2022లో స్పష్టము చేసినది. అయితే గుర్తింపు ఆ సంస్థకే గాక ఆ కోర్సుకు, ఆ సంవత్సరమునకు ఉన్నదో లేదో యు.జి.సి. దూరవిద్యా విభాగము జాబితాలో చూచుకొనవలెను. విశ్వవిద్యాలయములు తమ పేరును మధ్యవర్తి కంపెనీలకు అద్దెకిచ్చినట్లు ఇచ్చి కోర్సులు నడుపరాదని కూడ అదే సంవత్సరము హెచ్చరించినది. ఫోను చేసి బ్రతిమాలేవాడు ఎవరి మనిషో ముందు అడుగండి.

మా సహోదరుడు చదువు మానలేదు. క్రిందటి సంవత్సరము ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయములో ఎం.కామ్.లో చేరాడు. అక్కడ ఏ సంవత్సరపు ఫీజు ఆ సంవత్సరమే కట్టవచ్చును. రెండేళ్ళ కోర్సును నాలుగేళ్ళలో ముగించవచ్చును. రాత్రి డ్యూటీ పడిన సంవత్సరము రెండవ ఏటి ఫీజు కట్టకుండ ఆగవచ్చును. మేనేజరు పోస్టు ఆలస్యమవుతుందని అతనికి దిగులే, కాదనను. వచ్చే ఫీజు కొరకు అతని భార్య నెలకు 1,000 పోస్టాఫీసులో కడుతున్నది. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నవి.

డిసెంబరు పరీక్షలకు సెలవు కావలెనని మొన్న అర్జీ వ్రాసి, నన్ను ఒకసారి చూడమన్నాడు. ఈసారి కళ్ళజోడు తెప్పించుకొని చదివాను.