దూరవిద్యలో పుస్తకము – సెల్‌ఫోను

విద్యను గురుముఖతః అభ్యసించాలని మన పెద్దలు చెప్పారు. గురువు చెంతకు చేరలేనివారికి విద్యను ఇంటికే చేర్చడం దూరవిద్య ఆశయం. ఈ ఆశయసాధనకు అచ్చుపుస్తకం ముఖ్యమా, సెల్‌ఫోను ముఖ్యమా అనే చర్చ నేడు విద్యావంతులలో సాగుతున్నది. ఈ రెండింటినీ ప్రత్యర్థులుగా నిలపడం తగదని, పుస్తకం పునాదిగా, ఫోను దానికి తోడుగా ఉండాలని మా అభిప్రాయం.

ఈ సమన్వయం కొత్తదేమీ కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే వెలసింది. నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో వర్ధిల్లుతున్న ఆ సంస్థ అచ్చుపాఠాలకు రేడియో పాఠాలను, అధ్యయన కేంద్రాలలోని తరగతులను జోడించింది. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడ తొలుత దూరవిద్యతోనే బోధన ఆరంభించింది. ఇంకా వెనుకకు పోతే, దివ్య ఖుర్ఆన్ అధ్యయనంలో లిఖితప్రతి, గురువు కంఠస్వరం రెండూ కలిసే ఉన్నాయి. ఉచ్చారణను చెవి నేర్చుకుంటుంది. పాఠాన్ని కన్ను సరిచూచుకుంటుంది.

ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం అచ్చుప్రతులకు బదులు డిజిటల్ ప్రతులను ఎంచుకున్నవారికి ఫీజులో 15 శాతం రాయితీ ఇచ్చే పద్ధతిని ప్రవేశపెట్టింది. కాగితం ఆదా అవుతుంది. పుస్తకం ఆలస్యంగా చేరే బెడద తప్పుతుంది. ఇవి కొట్టివేయదగిన ప్రయోజనాలు కావు. కాని ఈ రాయితీ ఎవరిని ఆకర్షిస్తుంది? రూపాయి రూపాయి చూచుకొని ఖర్చుపెట్టే పేద విద్యార్థినే. కలవారి బిడ్డకు పుస్తకమూ ఉంటుంది, ట్యాబూ ఉంటుంది. పేదవాడు కొద్దిపాటి సొమ్ము కోసం పుస్తకాన్ని వదులుకుంటాడు. ఇంటికంతటికీ ఒకే ఫోను ఉన్న కుటుంబాలను తలచుకోండి. ఆ ఫోను ఉదయమే తండ్రితోనో అన్నతోనో పనికి వెళ్లిపోతుంది. వంటపని ముగించుకొని మధ్యాహ్నం చదువుకుందామనుకునే ఆడపిల్లకు మిగిలేదేమిటి? పుస్తకమైతే ఆమె వద్దనే ఉంటుంది. ఛార్జింగ్ అడుగదు, సిగ్నల్ అడుగదు; ఆమె తరువాత చెల్లెలికి కూడ పనికివస్తుంది.

ఉర్దూ మాధ్యమం వారికి మరొక చిక్కు ఉన్నది. నస్తాలీఖ్ లిపిలో ఉన్న అచ్చుపుట ఫొటోను చిన్న తెరపై పెద్దది చేసి చూస్తే, వాక్యం ముగియకముందే తెర అంచు వస్తుంది. పంక్తి పంక్తికీ పుటను అటూ ఇటూ జరుపుతూ ఉంటే విషయంపై మనసు నిలువదు.

అలాగని ఫోనును దూరం పెట్టుమని మేము చెప్పము. గుండె కవాటాలు తెరుచుకొని మూసుకునే తీరును అచ్చు బొమ్మ కదిలించి చూపలేదు. పద్యం నడకను, గజల్ పఠనంలోని లయను అచ్చు అక్షరం వినిపించలేదు. 2017లో ప్రారంభమైన ‘దీక్షా’ వేదికతో పాఠశాల పుస్తకాల పుటలలోనే క్యూఆర్ కోడ్ ముద్రించి, ఆ పాఠానికి సంబంధించిన వీడియోలను చూపే ఏర్పాటు జరిగింది. పుటనుండి తెరకు, తెరనుండి మళ్లీ పుటకు విద్యార్థిని నడిపించే ఈ పద్ధతి దూరవిద్యకు కూడ ఆదర్శం కావాలి.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. మన కళాశాలలో చదివి, సంసారభారం వల్ల దూరవిద్యను ఆశ్రయించిన పూర్వ విద్యార్థినీ విద్యార్థులకు మన గ్రంథాలయం నుండి పాఠ్యగ్రంథాలను ఇంటికి ఇవ్వాలి. అధ్యాపకులమైన మేము కఠినమైన పాఠాలను పదేసి నిమిషాల ఆడియోలుగా ఉర్దూలోను, తెలుగులోను చెప్పి ఇస్తాము. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకున్నా వినవచ్చు. ఫోను లేనివారి కొరకు గ్రంథాలయంలో రెండు మూడు ట్యాబులు ఉంచితే చాలు. విద్యార్థులారా! మీరు చదివి ముగించిన పుస్తకాలను పాత కాగితాల వానికి అమ్మక గ్రంథాలయానికి ఇవ్వండి.

విద్యార్థి చేతిలోని పుస్తకాన్ని తీసివేసి ఫోనును పెట్టడం అభివృద్ధి కాదు. పుస్తకమున్న చేతికి ఫోనును కూడ అందించడమే అభివృద్ధి. పెద్దలు ఈ విషయాన్ని ఆలోచిస్తారని ఆశిస్తున్నాము.