పెరటి చెట్టు

వేసవి సెలవులు వచ్చుచున్నవనగా మన ఇండ్లలో యాత్రల మాట పుట్టును. ఒకరు ఆగ్రాలోని తాజమహలు చూడవలె నందురు. ఒకరు మైసూరు రాజభవన మందురు. మరియొకరు కాశ్మీరపు సరస్సులను తలతురు. ఈ కోరికలన్నియు మంచివే. మన దేశము మిక్కిలి విశాలమైనది. ఒక జన్మమంతయు తిరిగినను చూడవలసినది ఇంకను మిగిలియే యుండును. దేశాటనము వలన లోకజ్ఞానము కలుగును. కష్టమునకు ఓర్చుకొను గుణము అలవడును. ఇతరుల భాషలయందును ఆచారములయందును గౌరవము పెరుగును. కావున దూరదేశములు చూడవలదని నేను చెప్పబోవుట లేదు. అయినను విద్యార్థులను ఒక్క ప్రశ్న అడుగవలెనని నాకు తోచుచున్నది. గుంటూరు సీమలో పుట్టి పెరిగిన మనలో భట్టిప్రోలు స్తూపమును చూచినవా రెందరు? మోటుపల్లి శాసనము ఏమి చెప్పుచున్నదో ఎరిగినవా రెందరు? చందవరము పేరైనను విన్నవా రెందరు?

పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదని మన పెద్దలు ఒక సామెత చెప్పుదురు. చెట్టులో గుణము లేకపోలేదు. దానిని నిత్యము చూచు కన్నులలోనే గౌరవము లేదని దాని భావము. యాత్రల విషయమున మన నడవడి ఇట్లే యున్నది. గుంటూరు పేరు మిరపకాయల వలన దేశదేశములకు తెలిసినది. వర్తకులు మిరపయార్డునకు వచ్చి, బేరము ముగించుకొని, తిరుగు బండి ఎక్కుదురు. మాఘ ఫాల్గుణ మాసములలో నల్లరేగడి చేల నడుమ కల్లములలో ఎండబోసిన మిరపపండ్లు ఎఱ్ఱని తివాచీల వలె కనబడును. ఆ చేలకు ఆవల ఏమున్నదో వచ్చినవా రడుగరు, ఉన్నవారు చెప్పరు.

మొదట భట్టిప్రోలును తీసికొందము. తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుమార్గమున ఈ గ్రామము కలదు. 2022వ సంవత్సరమునకు పూర్వము ఇది గుంటూరు జిల్లాలోనిది. ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరినది. రమారమి ఇరువదిరెండు వందల సంవత్సరముల క్రిందట బౌద్ధులు ఇచట ఒక గొప్ప స్తూపమును నిర్మించిరి. 1892లో అలెగ్జాండరు రే అను పురాతత్త్వవేత్త ఇచటి దిబ్బను త్రవ్వించగా అక్షరములు చెక్కిన మూడు రాతి భరిణెలు బయల్పడినవి. ఆ అక్షరములు బ్రాహ్మీలిపిలో ఒక ప్రత్యేక భేదమునకు చెందినవి. కుబీరకుడను రాజు పేరు వానిలో కలదు. దక్షిణదేశమున లిపి పెరిగిన తీరును తెలిసికొనగోరు పండితులకు ఈ భరిణెలు ముఖ్యమైన ఆధారములు. భట్టిప్రోలులో దొరకిన పవిత్ర ధాతువును 1920లో కలకత్తాలోని ధర్మరాజిక విహారమున ప్రతిష్ఠించిరి. అంతటి మహానగరమున పూజలందుకొనుచున్న వస్తువు మన వరిచేల నడుమనుండి పోయినదే.

అయితే, రే వచ్చునాటికే ఆ స్తూపము చాలవరకు నశించియుండెను. శత్రువులు దండెత్తివచ్చి దానిని కూల్చలేదు. పందొమ్మిదవ శతాబ్దమున రోడ్లకును కాలువ పనులకును కావలసిన ఇటుకలను, రాతి ఫలకములను ఆ దిబ్బనుండియే తరలించిరి. అమరావతి కథయు ఇట్టిదే. పదునెనిమిదవ శతాబ్దపు చివరను అచట క్రొత్త పట్టణము కట్టుచుండగా స్తూపపు దిబ్బ ఇటుకలకును రాళ్ళకును గనివలె ఉపయోగపడెను. శిల్పములు చెక్కిన ఫలకములు కొన్ని సున్నమునకై కాల్చబడెను. 1797లో ఆ స్థలమును చూచిన కాలిన్ మెకంజీ 1816లో మరల వచ్చి, మిగిలిన శిల్పములకు చిత్రములు వ్రాయించెను. అమరావతి శిల్పములలో శ్రేష్ఠమైనవి పెక్కులు నేడు చెన్నైలోను లండనులోను కలవు. ఇటుకలు మోసినవారు దుర్మార్గులు కారు. తాము మోయుచున్నది ఏమో వారికి ఎవరును చెప్పలేదు, అంతియే. ఒక చోటు గొప్పతనము చుట్టుపట్ల వారికి తెలియనప్పుడు దానిని కాచువారు ఉండరు.

ఇది ఆ కాలపు మాట, ఇప్పుడు అట్లు జరుగదు అని మీరు అనవచ్చును. ప్రకాశం జిల్లా దొనకొండ మండలమున, గుండ్లకమ్మ ఒడ్డున చందవరమను గ్రామము కలదు. అచటి చిన్న కొండపై నున్న బౌద్ధస్తూపము 1964లో పండితుల దృష్టికి వచ్చినది. 1970 తరువాతి సంవత్సరములలో త్రవ్వకములు జరిగినవి. చక్కని సున్నపురాతి శిల్పములు దొరకినవి. అటుపిమ్మట వానిలో కొన్నింటిని దొంగలు ఎత్తుకొనిపోయిరి. బుద్ధుని పూజించు భక్తులను చూపు ఒక శిల్పము చేతులు మారి, సముద్రములు దాటి, ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలోని జాతీయ కళాప్రదర్శనశాలకు చేరినది. వారు దానిని 2005లో కొనిరి. అది దొంగసొత్తని తేలిన పిమ్మట 2016లో భారతదేశమునకు తిరిగి అప్పగించిరి. ఆ శిల్పము అదృష్టము కలది. తిరిగి రానివి ఎన్ని యున్నవో! ఒంటరిగా నున్న కొండకు ఒక కావలివాడు చాలడు. చుట్టుప్రక్కల పది గ్రామముల జనులు, ముఖ్యముగా పిల్లలు, తరచు పోయి చూచుచున్న చోట దొంగకు ధైర్యము చాలదు.

ఇక మోటుపల్లి. ఇది చినగంజామునకు సమీపమున సముద్రతీరమున నున్న చిన్న గ్రామము. ఒకప్పుడిది గొప్ప రేవుపట్టణము. పదుమూడవ శతాబ్దపు చివరను ఈ తీరమును గూర్చి వ్రాసిన వెనీసు వర్తకుడు మార్కోపోలో ఇచటి రాణిని మెచ్చుకొనెను. సాలెపట్టు వలె సన్నని వస్త్రములు ఇచట నేయుదురని ఆశ్చర్యపడెను. ఆ రాణి రుద్రమదేవియే యని చరిత్రకారుల అభిప్రాయము. ఇచటి వీరభద్రాలయమున కాకతి గణపతిదేవ చక్రవర్తి వేయించిన శాసనము కలదు. దాని కాలము క్రీ.శ. 1244. పూర్వపు రాజులు తుపానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకునంతయు బలవంతముగా లాగుకొనెడివారు. ప్రాణములకు తెగించి సముద్రముపై వచ్చు వర్తకులకు ధనమే ప్రాణమువంటిదని తలచి, గణపతిదేవుడు ఆ దుర్నీతిని మాన్పెను. న్యాయమైన సుంకము తప్ప మరేమియు తీసికొనమని అభయ మిచ్చెను. తరువాత 1358లో అనవోతారెడ్డియు ఇచటనే వర్తకులకు రాయితీలు ప్రకటించుచు శాసనము వేయించెను.

విద్యార్థులారా, ఒక్క క్షణము ఆలోచింపుడు. ఎరుగని దేశమునుండి వచ్చి ఆపదలో పడినవానిని దోచుకొనరాదు అను ధర్మమును ఏడువందల యేండ్లకు పూర్వమే మన తీరమున రాతిపై చెక్కించిరి. పాఠ్యపుస్తకములో ఈ మాట చదివినచో పరీక్ష దాక గుర్తుండును. ఆ రాతియెదుట నిలిచి, వెనుక సముద్రపు హోరు వినుచు చదివినచో బ్రదికినంత కాలము గుర్తుండును. తిరుగు దారిలో వేటపాలెమున ఆగి, 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతనమను గ్రంథాలయమును చూచిరండు. ఒక చిన్న ఊరివారు పాత పత్రికలను, పుస్తకములను ఎంత శ్రద్ధతో కాపాడిరో అచట తెలియును. కాపాడవలెనను బుద్ధి పుట్టినచో పెద్ద నగరమే కానక్కరలేదు.

ఈ స్థలములకు పోవలదని చెప్పువారు రెండు మాటలు అందురు. మొదటిది: “అచట చూచుటకు ఏమున్నది? పాత ఇటుకలే గదా!” నిజమే. తెలియనివానికి అవి ఇటుకలే. అక్షరములు రానివానికి భారతమైనను నల్లని గీతలే గదా! పల్నాడు జిల్లాలోని చేజెర్లకు పోయి కపోతేశ్వరాలయమును చూడుడు. పావురమును కాపాడుటకై తన శరీరమునుండి మాంసము కోసి యిచ్చిన శిబిచక్రవర్తి కథను అచటి పూజారులు చెప్పుదురు. గర్భాలయపు కప్పు ఏనుగు వీపువలె గుండ్రముగా నుండును. అది మొదట బౌద్ధుల చైత్యగృహమై యుండునని పండితులు ఆ కప్పును చూచియే ఊహించిరి. ఈ సంగతి తెలిసి చూచినవానికి ఒక్క చిన్న గుడిలో రెండు మతముల చరిత్ర కనబడును. తెలియనివాడు కొబ్బరికాయ కొట్టి అయిదు నిమిషములలో వచ్చివేయును. కావున లోపము స్థలములో లేదు. మన సిద్ధతలో నున్నది.

రెండవ మాట కొంచెము బలమైనది. జనము ఎక్కువైనచో ఆ స్థలములు పాడగునని కొంద రందురు. గోడలపై పేర్లు చెక్కువారిని, తిన్న కాగితములను అచటనే పారవేయువారిని నేనును చూచితిని. ఆ భయము అకారణము కాదు. కాని దానికి మందు తలుపులు మూయుట కాదు; చూచు విధమును నేర్చుకొనుట. ఎవరును పోని స్తూపమును ఇటుకలకై త్రవ్విరి. ఎవరును పోని కొండపై శిల్పములను దొంగిలించిరి. వచ్చినవారు చేసిన చెరుపును దిద్దుకొనవచ్చును. ఎవరును రాకపోవుట వలన పోయినది తిరిగి వచ్చుట అరుదు.

కావున నా అభిప్రాయ మిది. ప్రతి పాఠశాల సంవత్సరమునకు ఒక్క దినమైనను తన ఊరికి పది క్రోసుల లోపల నున్న ఒక పాత చోటును చూడబోవలెను. పోవుటకు ముందు ఆ చోటిని గూర్చి తరగతిలో చదువవలెను. పోయినచోట ప్రతి విద్యార్థియు ఒక ప్రశ్న అడుగవలెను. వచ్చిన పిమ్మట ఒక పుట వ్రాయవలెను. రాతిపై చేయి వేయరాదు, గోటితో గీయరాదు. ఒక రాయి కదలినట్లు గాని, కనబడనట్లు గాని తోచినచో ఉపాధ్యాయునకు చెప్పవలెను. ఆయన పురావస్తు శాఖవారికి తెలుపవలెను. ఇందుకు అధిక ధనము అక్కరలేదు. చద్దిమూట, నీళ్ళ చెంబు, ఒక వ్రాతపుస్తకము చాలును.

పెద్దవారై మీరు ఆగ్రాకును, మైసూరునకును, లండనునకును తప్పక పోవుదురుగాక. లండనులోని అమరావతి శిల్పముల ముందు నిలిచినప్పుడు, అవి వచ్చిన ఊరు ఎట్లుండునని ప్రక్కవారు మిమ్ము అడుగవచ్చును. అప్పుడు తల వంచుకొనక సమాధానము చెప్పగలిగినవారే నిజమైన యాత్రికులు. పెరటి చెట్టునకు నీరు పోయవలసినది పెరటివారే.