శిథిలాలకు దారేదీ?

పాత ఇల్లు కూల్చుతున్నారంటే ముందుగా వాలేది కలప వ్యాపారి. టేకు దర్వాజాలు, కిటికీలు ఆయన బండెక్కుతాయి. ఇనుము తూకానికి పోతుంది. షాబాదు బండలు, చెక్కుచెదరని ఇటుకలు మరో ఇంటికి అక్కరకొస్తాయి. చివరకు మిగిలేది పగిలిన కాంక్రీటు, ముక్కలైన ఇటుక, రాలిన గచ్చు. బరువులో అధిక భాగం ఇదే. హైదరాబాద్‌ నగరంలో దీన్ని రాత్రివేళ టిప్పర్లకెత్తి చెరువు శిఖంలోనో, నాలా ఒడ్డునో కుమ్మరించడం పరిపాటిగా మారింది.

వ్యర్థం కాదు.. వనరు

ఇది పనికిరాని సరకనుకోవడం పొరపాటు. జీడిమెట్లలో 2020 నవంబరులో రోజుకు 500 టన్నుల సామర్థ్యంతో శిథిలాల శుద్ధి కేంద్రం ప్రారంభమైంది. అనంతరం ఫతుల్లగూడలో మరొకటి ఏర్పాటైంది. శిథిలాలను పిండిచేసి, జల్లించి, కడిగి ఇసుక, కంకరగా వేరుచేయడం, వాటితో నడకదారి పలకలు రూపొందించడం ఈ కేంద్రాల పని. ఇలా తీసిన కంకరను సాదా కాంక్రీటులో 25 శాతం, ఎం-25 స్థాయి వరకు ఉక్కు చువ్వల కాంక్రీటులో 20 శాతం వాడుకునేందుకు ఐఎస్‌ 383 ప్రమాణం 2016లోనే వీలు కల్పించింది.

చిన్న ఇళ్లే చిక్కుముడి

శిథిలాల నిర్వహణ ప్రణాళిక సమర్పించాలన్న 2016 నాటి నిబంధన రోజుకు 20 టన్నులు, లేదా ఒక్కో పనికి నెలకు 300 టన్నులు మించిన వారికే పరిమితమైంది. 2025లో ప్రకటించిన కొత్త నియమావళి పునర్వినియోగ లక్ష్యాల భారాన్ని 20 వేల చదరపు మీటర్లు, అంతకుమించిన నిర్మాణాలపైనే మోపింది. నూరు గజాల ఇంటి యజమాని ఈ లెక్కలకు అందడు. కూల్చివేతను గుత్తకిచ్చాక శిథిలాలు ఎటుపోయాయో ఆయనకు తెలియదు. శుద్ధి కేంద్రం దూరం, చెరువు దగ్గర. టిప్పరు కిరాయే దారిని నిర్ణయిస్తోంది.

రశీదుతోనే అనుమతి

శుద్ధి కేంద్రం రశీదు చూపితేనే కొత్త ఇంటికి నివాసయోగ్యతా పత్రం ఇవ్వాలి. వార్డుకో సేకరణ స్థలం చూపితే కిరాయి భారమూ తగ్గుతుంది. ప్రభుత్వం తన కాలిబాటలకు ఈ పలకలనే కొంటే కేంద్రాలకు గిరాకీ కొరవడదు. పూడిన నాలాలు, కుంచించుకుపోయిన చెరువులు ఎంత కీడు చేస్తాయో 2020 అక్టోబరు వరదల్లో నగరం చవిచూసింది. నీటి దారిలో పోసిన ప్రతి టిప్పరు మట్టి, రేపు ఎవరి గడపలోకో వరదను మళ్లిస్తుంది.