అక్కడ స్టేక్, ఇక్కడ గొడ్డుకూర

ఇంటర్లో నా పక్క బెంచీవాడు ఇప్పుడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన నెల ఆఫీసు పని మీద అర్జెంటీనా వెళ్ళాడు. బ్యూనస్ ఎయిరీస్ నడిబొడ్డు వదిలి, గంటసేపు కారులో పోయి, అక్కడివాళ్ళు ‘పర్రీయా’ అనే పాతకాలపు మాంసం హోటల్లో తిని ఫొటోలు పెట్టాడు. నిప్పుల మీద ఇనప జాలీ, దాని మీద అరచేతి మందాన ముక్క. కింద మన దర్శి వాళ్ళవే బోలెడు లైకులు. వాళ్ళ నాన్న కూడా దండం బొమ్మ పెట్టాడు, చూసి పెట్టాడో చూడక పెట్టాడో.

ఆ నాన్నగారి ఇంట్లోనే మా విద్యార్థులిద్దరు అద్దెకు గది అడిగితే ‘ఏం తింటారు బాబూ?’ అన్నారు. కులం అడగడానికి అది మర్యాదైన పద్ధతి. గది దొరకలేదు.

వాడు తిన్నందుకు నాకు పేచీ లేదు, కడుపునిండా తిననీ. ఒకటే అడుగుతున్నా: స్టేక్ అంటే రుచి అయినది గొడ్డుకూర అనగానే కులం ఎట్లా అవుతుంది?

బ్రెజిల్లో వియాటినా-19 అనే ఆవు గిన్నిస్ కెక్కిందని మనవాళ్ళు తెగ పంచుకున్నారు గుర్తుందా? 2023 వేలంలో దాని విలువ 40 లక్షల డాలర్లు దాటింది. మన ఒంగోలు జాతే. అక్కడ పేరు ‘నెలోర్’, అంటే మన నెల్లూరు. మంచిదే. కానీ బ్రెజిల్ వాళ్ళు నెలోర్‌ను ప్రధానంగా పెంచేది పూజకూ కాదు, పాలకూ కాదు, మాంసానికి. ఆ సంగతి ఒక్క పోస్టులోనూ లేదు. ఆ జాతిని ఇక్కడ మేపినవాళ్ళు, చస్తే ఈడ్చినవాళ్ళు, తోలు తీసి చెప్పులూ కపిల బానలూ కుట్టినవాళ్ళు అసలే లేరు.

అర్జెంటీనా సంగతి ఇంకా చిత్రం. అక్కడ ముక్క కంటే ముందు బల్ల మీదకు వచ్చేవి పేగులు, గ్రంథులు, నెత్తురు కూరిన సాసేజి. మన పల్లెలో బోటి, నల్ల అంటామే, అవే. ఎచెవెరియా రాసిన ‘ఎల్ మతదేరో’ అనే కథ 1871లో అచ్చయింది. కబేళా కథ. అందులో నల్లజాతి ఆడవాళ్ళు పేగుల కోసం బురదలో పెనుగులాడతారు, రచయిత వాళ్ళను అసహ్యంగానే చూస్తాడు. ఆ పేగులే ఇప్పుడు జాతీయ వంటకం. ఆ ఆడవాళ్ళ సంతతిని మాత్రం ఆ దేశం తన చరిత్రలోంచి చాలాకాలం తుడిచేసింది. కూర బల్ల మీదకు వచ్చింది, మనుషులు రాలేదు.

అందుకే బీఫ్ ఫ్యాషన్ అయితే చాలని సంబరపడే మిత్రులతో నాకు గొడవ. హైదరాబాదు రెస్టారెంటు మెనూలో ‘బీఫ్ ఫ్రై’ ఉన్నంత మాత్రాన దర్శిలో గది దొరకదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విద్యార్థులు బీఫ్ పండగ చేస్తే దాడులు జరిగాయి, బాష్పవాయువు వదిలారు. వాళ్ళు అడిగింది రుచి గురించా? హాస్టల్ మెస్సులో తమ ఇంటి కూడుకు చోటు గురించి. అంబేడ్కర్ 1948లోనే ‘ద అన్‌టచబుల్స్’లో అంటరానితనానికీ గొడ్డుమాంసానికీ ఉన్న ముడి విప్పి చూపించాడు. దాన్ని చదవకుండా ప్లేటు ఫొటోలు పెడితే ఏం లాభం?

మొన్న క్లాసులో ‘మా ఇంట్లో ఆదివారం’ అని వ్యాసం రాయమన్నాను. పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి ‘మటన్’ అని రాసి, కొట్టేసి, పైన చీమ తలకాయంత అక్షరాలతో ‘ఎండు తునకలు, గోంగూర’ అని రాసింది. వాళ్ళమ్మ దండెం మీద ముక్కలు ఆరేయడం, కాకుల్ని తోలడానికి తనను కాపలా పెట్టడం, ఒక పేజీ నిండా ఉంది. ఈ ఏడాది నేను దిద్దినవాటిలో మంచి తెలుగు అదే.

క్లాసులో పైకి చదువుతావా అమ్మా అని అడిగాను.

చాలాసేపు కాగితం మడతపెట్టుకుంటూ నిలబడి, ‘వచ్చే వారం చదువుతా సార్’ అంది.

జై భీమ్.