టేషన్ చరిత్రలో మన పేరేది?

2025లో సికింద్రాబాద్ రైల్వేస్టేషన్ పాత ముఖద్వారాన్ని కూలగొట్టినరు. 2023 ఏప్రిల్ 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన కొత్త స్టేషన్ కోసం ఈ పని. ఖర్చు సుమారు 700 కోట్లు. కమాన్లు పోయినయని పట్నం పెద్దమనుషులు బాధపడ్డరు. పడనీయండి. కాగజ్‌నగర్ నుంచి భాగ్యనగర్, ఆదిలాబాద్ నుంచి కృష్ణా ఎక్కి సద్దిమూటతోని అక్కడ దిగిన మనం ఇంకో మాట అడగాలె. ఆ టేషన్ ఎవరి సొమ్ముతోని నిలబడ్డది?

1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. బ్రిటిష్ దండు అక్కడుండె, రైలూ అక్కడికే వచ్చింది. పైసలు నిజాం సర్కారువి. 1883లో లండన్ కంపెనీతోని ఒప్పందమైంది. లాభం వచ్చినా రాకున్నా పెట్టుబడికి ఏటా 5 శాతం వడ్డీ, 20 ఏండ్ల దాకా కడతమని సర్కారు పూచీ పడ్డది. అందుకే దాని పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ ఏడే చాందా రైలు పథకం షరతులు జనానికి చెప్పాలన్న అఘోరనాథ చటోపాధ్యాయను రాజ్యం దాటించినరు.

పూచీ పడ్డ పైస ఎక్కడిది? ఖజానాది. ఖజానాకు పెద్ద దిక్కు భూమిశిస్తు. శిస్తు కట్టిన పొలంలో నాటేసింది, కోత కోసింది ఎవరు? దొర కచ్చరం ముందల ఉరికింది, తాసిల్దారు మూట నెత్తిన మోసింది ఎవరు? మాలవాడ, మాదిగవాడ. లండన్ షేరుదారుకు ముట్టిన వడ్డీలో మన తాతల వెట్టి ఉన్నది. ఆ లెక్క ఏ శిలాఫలకం మీదా లేదు.

1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయింది. పెద్దపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగ ఢిల్లీ, మద్రాసు కలిసినయి. మన బొగ్గు ఆ దారినే పోయింది. కరీంనగర్‌కు మాత్రం స్వాతంత్ర్యం వచ్చిన 50 ఏండ్లు దాటినంకగాని రైలు రాలే. బొగ్గుకున్న తొందర మనిషికి లేకపాయె!

టేషన్ చుట్టూ బస్తీలు పెరిగినయి. 1893లో లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు పెట్టినరు. కొలువు దొరికినోళ్లకు క్వార్టరు, పింఛను దక్కినయి. దొరకనోళ్ల సంగతేంది? 2022 మార్చి 23 తెల్లారగట్ల బోయిగూడలో తుక్కు గోదాముకు మంటలంటుకొని, అందులో పండుకున్న 11 మంది బీహార్ కూలీలు చనిపోయినరు. వాళ్ల కులం మేం అడగం. దుబాయి, బొంబాయి పోయిన మన పిల్లల బతుకే వాళ్ల బతుకు.

రైలు కులాన్ని తుడిచిందని కొందరంటరు. అందర్నీ ఒక్క బల్ల మీద కూసోబెట్టింది, నిజమే. కానీ 1901లో తండ్రి దగ్గరికి పోతూ పసివాడైన బాబాసాహెబ్ మసూరు స్టేషన్‌లో దిగిండు. మంచి బట్టలు చూసి పలకరించిన స్టేషన్ మాస్టరు, మహర్లమని తెలువంగనే వెనుకకు జరిగిండు. బండోళ్లు ఎక్కించుకోలే. రెండింతల కిరాయిచ్చి పిల్లలే బండి తోలుకున్నరు, బండాయన పక్కన నడిచిండు. టికెట్టు ఒక్కటే. గేటు దాటితే కులం ఎదురొచ్చింది.

ఇయ్యాల గేటుకు కొత్త రంగు పడ్డది. 2025 మే 22న కరీంనగర్ స్టేషన్‌ను కొత్తగ ప్రారంభించినరు. నేల అద్దమోలె మెరుస్తున్నది. కొత్త స్టేషన్ వద్దని మేం అనం. లిఫ్టు మన ముసలమ్మకూ కావాలె. కానీ ఆ నేల తుడిచేదెవరు? పాకీపని వద్దని 1993లో, మళ్లీ 2013లో చట్టాలొచ్చినా, పెట్టెలకు బయో టాయిలెట్లు వచ్చేదాక పట్టాల మీది మలం ఎత్తింది మనోళ్లే. అప్పుడు సఫాయి పనన్నా సర్కారు కొలువుగ ఉండె. ఇప్పుడది కాంట్రాక్టరు చేతికి పోయింది. కాంట్రాక్టరు కాడ రిజర్వేషన్ లేదు. చీపురు మన చేతిలనే ఉన్నది, కొలువు మాయమైంది.

కార్యకర్తలారా, మీ దగ్గరి స్టేషన్‌కు పోండి. సఫాయి కార్మికులను కలవండి. కనీస కూలి ముడుతున్నదా, పీఎఫ్ జమైతున్నదా అడగండి. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమాని కట్టాలె, చట్టంలో ఉన్నది. ఊళ్లె గ్యాంగ్‌మన్‌గ, హమాలీగ చేసిన ముసలోళ్లను కూసోబెట్టి వాళ్ల మాటలు రాసుకోండి. వాళ్లు పోతే ఆ చరిత్రా పోతది. కమాన్లు మళ్లీ కట్టుకోవచ్చు. కొలువు పోతే మన పిల్లలకు మళ్లీ తట్టే మిగుల్తది.

జై భీమ్.