నాలుగు నెలల ద్వీపం

చుట్టూ నీళ్లున్న నేలను ద్వీపం అంటారని చిన్నప్పుడు బళ్లో చదువుకున్నాం. ఆ లెక్కన వానాకాలంలో మన సిరొంచ తాలూకా ద్వీపమే. పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి, లోపల అడవి నిండా వాగులు. పెద్ద నదుల మీద వంతెనలు వచ్చిన మాట నిజమే. అవి రాష్ట్రాన్ని రాష్ట్రంతో కలిపాయి. వాగు పొంగిన నాడు జింగనూర్ వైపు పల్లెల్ని సిరొంచతో కలిపేదెవరు? ఇక జిల్లా కేంద్రం గడ్చిరోలి సంగతి చెప్పనే అక్కర్లేదు. సిరొంచ నుంచే అది సుమారు 200 కిలోమీటర్లు.

ప్రభుత్వం మనకోసం నియమాలు సడలించలేదా అంటే, సడలించింది. 1985 ఉత్తర్వుతో సిరొంచ తాలూకా షెడ్యూల్డు ప్రాంతమైంది. మైదానంలో 5,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రమైతే, గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒకటి. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానంలో 500 జనాభా అడిగితే, ఇక్కడ 250 చాలంది. మంచిదే. కానీ ఇవన్నీ తలల లెక్కలు. మన కష్టం తలలు తక్కువై వచ్చింది కాదు, వాగు అడ్డమై వచ్చింది. ఆ 3,000 మందిలో సగం మంది వాగవతల ఉంటే ఏం చేయాలో ఏ నియమంలో రాసి ఉంది?

2005 నాటి జననీ సురక్ష యోజననే చూడండి. మన రాష్ట్రంలో పల్లెటూరి పేద తల్లి ఆసుపత్రిలో కంటే 700 రూపాయలు, ఇంట్లో కంటే 500. ఇంట్లో కనడం ఆ తల్లి 'ఇష్టం' అని నియమావళి మాట. నిండు చూలాలిని మంచం మీద మోసుకొచ్చి, వాగు ఒడ్డున నిలబడి, వెనక్కి తిరిగిపోయిన వాళ్లను అడగండి, ఇష్టమంటే ఏమిటో చెబుతారు. ఉపాధి హామీదీ అదే తంతు. 2023 జనవరి నుంచి పని చోట రోజుకు రెండుసార్లు ఫోటో తీసి ఫోనులో ఎక్కిస్తేనే హాజరు. సిగ్నలు లేని అడవిలో చెమటకు సాక్ష్యం ఎవరు?

'తాలూకాకో నియమం ఎలా కుదురుతుంది?' అని పెద్దలు అడుగుతారు. అమెరికా 1977లోనే గువామ్, సమోవా వంటి తన ద్వీపాల కోసం చట్టం చేసుకుంది. కేంద్ర శాఖలు విడివిడిగా ఇచ్చే సాయాలను ఒక్కటిగా కలిపి ఇవ్వొచ్చు, స్థానిక వాటాను మాఫీ చేయొచ్చు, దరఖాస్తుల బరువు తగ్గించొచ్చు. దాంతో ఆ ద్వీపాల కష్టాలు తీరిపోయాయని నేననను. దూరాన్ని చట్టం గుర్తించిందని మాత్రం అంటాను.

అంత దూరం పోనక్కర్లేదు. దారి తెగే పల్లెలకు వానలకు ముందే నాలుగు నెలల కంట్రోలు బియ్యం చేర్చే పద్ధతి మన జిల్లాలోనే ఉంది. చూలాలిని నెలలు నిండకముందే దవాఖానా దగ్గర ఉంచుకునే 'మాహేర్ ఘర్' మహారాష్ట్రదే. మాహేర్ అంటే పుట్టిల్లు. బియ్యానికి కుదిరింది మందులకు, పింఛనుకు, కూలి డబ్బుకు ఎందుకు కుదరదు?

మనం అడగాల్సినవి మూడే. దూరాన్ని కిలోమీటర్లలో కాదు, వానాకాలంలో పట్టే గంటల్లో కొలవండి. నాలుగు నెలలకు కావాల్సినవన్నీ మృగశిర కార్తె లోపు వాగు దాటించండి. పథకం కాగితం మరాఠీతో పాటు తెలుగులో, మాడియాలో మాకు అర్థమయ్యేలా చెప్పండి. తాలూకాలో 15 శాతం మంది మాట్లాడే భాషలో ముఖ్యమైన ప్రకటనలు వెలువరించాలన్నది భాషా అల్పసంఖ్యాకులకు ఏనాడో ఇచ్చిన మాటే. కొత్త కోరిక కాదు.

వాగును ఆపమని ఎవరూ అడగడం లేదు. వాగు ఉందని కాగితం మీద ఒప్పుకోమంటున్నాం.