ఎల్లోస్టోన్ ఖాళీ అడవి కాదు



అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు ఆర్వీ బండి వేసుకుని ఎల్లోస్టోన్ పోయిన వీడియోలు మా హాస్టల్లో అందరూ చూస్తున్నారు. గీజర్ అంటే మనకు నీళ్లు కాగే డబ్బా. అక్కడ భూమే కాచి పైకి చిమ్ముతది. లోకంలోని గీజర్లలో దాదాపు సగం అక్కడే. రోడ్డు మీద అడవిదున్నలు. బాగుంటది, కాదనను.

కానీ 1872లో పార్క్ చేసిన్నాడు అది మనుషుల్లేని అడవి కాదు. టుకుడికా అనే షోషోనీ జనం కొండగొర్రెలను వేటాడుకుంటూ అక్కడే బతికేటోళ్లు. కొన్నేళ్లకే వాళ్లను రిజర్వేషన్లకు పంపేశారు. అక్కడ రిజర్వేషన్ అంటే సీటు కాదు, తెగకు హద్దు గీసిచ్చిన భూమి. పైగా వాళ్లు గీజర్లకు భయపడి ఆ చుట్టుపక్కలకే రారని ప్రచారం చేశారు. 1995లో తోడేళ్లను కెనడా నుంచి తెచ్చి వదిలారు, మంచిదే. టుకుడికాలను మాత్రం ఎవరూ తిరిగి తేలేదు.

నల్లమలలో పులి కోసం చెంచులు లేవాలనే మాట వెనకున్నది కూడా ఇదే ఆలోచన. మనకు 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. హక్కులు తేల్చకుండా, గ్రామసభ ఒప్పుకోకుండా లేపడానికి లేదు. చదువుకున్నోళ్లం మనమే ఆ చట్టాన్ని ఊళ్లో చదివి వినిపించాలి.

జై ఆదివాసీ.